తొమ్మిదికి రాంగనే మార్కులు ఎందుకు పడిపోతున్నయ్? సరిహద్దు ఊళ్లవాళ్లు చెప్పండి

#1 ప్రాణహిత_మాస్టర్ (సిరోంచ)

అందరికీ నమస్తే. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఒక మరాఠీ మీడియం హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. మొదటి నుంచీ వెనకబడిన వాళ్ల గురించి కాదు నా ప్రశ్న. ఏడులో, ఎనిమిదిలో చెయ్యెత్తి జవాబు చెప్పిన పిల్లలు తొమ్మిదిలో సగం ఏడాది గడిచేసరికి నోరు మూసుకుని వెనక బెంచీకి పోతున్నారు. ఎందుకు?

స్టాఫ్ రూంలో అడిగితే అందరిదీ ఒకటే మాట: ఫోన్లు చెడగొట్టినయ్. నాకు అది పూర్తిగా నిజం అనిపించలేదు. హాజరు పట్టీ ముందర పెట్టుకుని కూర్చున్నాను. పడిపోయిన వాళ్లలో చాలామందికి పత్తి ఏరే రోజుల్లో ఒకసారి, మిరప ఏరే రోజుల్లో ఇంకోసారి వరసగా గైర్హాజరు పడి ఉంది. మిగతా నెలల్లో మంచిగానే వచ్చారు. ఫోన్ చేతిలో ఉండే దుకాణాల వాళ్ల పిల్లలకు ఈ ఖాళీలు లేవు, వాళ్ల మార్కులు కూడా అంతగా పడలేదు.

మీ దిక్కు ఎట్లుందో చెప్పండి. "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అది స్టాఫ్ రూంలో రోజూ వింటున్నదే.

#2 బల్లార్షా_కాలనీ

మాస్టారు, ఏమనుకోవద్దు. మేమూ పేదోళ్లమే. మా నాయిన పేపర్ మిల్లుల కాంట్రాక్టు కూలి. ఒక్క రూంల ఆరుగురం పడుకునేటోళ్లం. అయినా చదివినం కదా? పేదరికం అన్నది సాకు. చదవాలని ఉన్నోడు వీధి దీపం కింద చదువుతడు. ఇప్పటి పోరగాళ్లకు రీల్స్ తప్ప వేరే లోకం లేదు. మీరు మంచోళ్లు కాబట్టి వాళ్లని వెనకేసుకొస్తున్నరు.

#3 ధర్మాబాద్_మిర్చి

@బల్లార్షా_కాలనీ నువ్వు చదివినవ్ సరే. నీ బెంచీ మీద నీతోని కూసున్నోళ్లు ఎంతమంది చదివిండ్రో చెప్పు. వాళ్లు ఈ ఫోరంల లేరు, అందుకే నీకు కనిపిస్తలేరు. పైగా మీ నాయినకు మిల్లు కూలి నెల నెలా వచ్చేది. మా కాడ మార్కెట్ల హమాలీలకు మిర్చి సీజన్ల పని, తర్వాత ఖాళీ. నెల జీతం ఉన్న పేదరికం వేరు, సీజన్ పేదరికం వేరు. రెంటినీ ఒక్క గాట కట్టేయకు.

#4 అంకీస_అమ్మాయి

నేను మాస్టారు చెప్పిన పిల్లల్లో ఒకదాన్ని. ఇప్పుడు నాగపూర్‌ల నర్సింగ్ చదువుతున్న.

మాకు భూమి లేదు. సంక్రాంతి పోయినంక ఇల్లు తాళం ఏసి అందరం నది దాటి భూపాలపల్లి, ములుగు దిక్కు మిరప ఏరనీకి పోయేటోళ్లం. చేను పక్కనే పరదాలు కట్టుకుని ఉండుడు. కూలి కిలోల లెక్కన. అందుకే నా చేతికి, మా అమ్మ చేతికి ఒకటే రేటు. చిన్నప్పుడు నన్ను తీస్కపోతే వాళ్లకు బరువు, తమ్ముడిని పట్టుకుని చెట్టు కింద కూసునేదాన్ని. పద్నాలుగు నిండినంక నేను ఏరితే మా అమ్మంత ఏరుత. ఇగ నన్నెందుకు బళ్లో ఉంచుతరు? మా నాయినకు చదువు మీద శ్రద్ధ లేక కాదు. షావుకారు దగ్గర ముందే పైసలు తీసుకున్నం, మనుషుల లెక్క చెప్పి. నేను పోకపోతే లెక్క తక్కువ పడ్తది.

పుస్తకాలు తీస్కపోయేదాన్ని. నవ్వకండి. ఎండుమిర్చి తెంపితే పొద్దుగూకే యాళ్లకు ఏళ్లు నిప్పులెక్క మండుతయ్. గోరు సందులల్ల కారం ఇరుకుతది, సబ్బుతోని కడిగినా పోదు. కొబ్బరినూనె రాసుకుంటం, మజ్జిగల చేతులు ముంచి కూసుంటం. యాది మరిచి ఆ చేత్తోని కండ్లు నలుపుకున్నమా, ఆ రాత్రికి చదువు ఒడిసినట్టే. నూనె చేతులతోని పేజీ తిప్పితే పుస్తకం మరకలు, బడికి తిరిగొచ్చినంక దాని మీద సారు తిట్లు.

దహావీల (పదో తరగతిల) లెక్కలు పోయినయ్. జులైల పురవణీ (సప్లిమెంటరీ) పరీక్ష రాసి గట్టెక్కిన. నాతోని మిరపకు వచ్చిన ఇంకో పిల్ల మళ్ల రాయనే లేదు, పెండ్లి చేసిండ్రు.

#5 ప్రాణహిత_మాస్టర్ (సిరోంచ)

@అంకీస_అమ్మాయి నువ్వు రాసింది మా హెడ్మాస్టర్‌కు చదివి వినిపించాను.

లెక్కల మాస్టారుగా ఒక్కటి కలుపుతా. చరిత్రలో ఒక పాఠం పోతే ఒక పాఠమే పోతుంది. లెక్కల్లో అట్లా కాదు. మా రాష్ట్రం తొమ్మిదో తరగతి బీజగణితంలో రెండు చలరాశుల సమీకరణాలు ఐదో పాఠం. మేం అక్కడికి వచ్చేసరికి సరిగ్గా పత్తి ఏరే రోజులు. పదో తరగతి పుస్తకం మొదటి పాఠమే మళ్లీ అవే సమీకరణాలు, ఆ వెంటనే వర్గ సమీకరణాలు. తొమ్మిదిలో అది పోగొట్టుకున్న పిల్లకు పదో తరగతి పుస్తకం మొదటి పేజీలోనే మూసుకుపోతుంది. మేమేమో "దీనికి లెక్కలు రావు" అని రాసేస్తాం.

#6 నాందేడ్_ఎకనామిక్స్

ఈ విషయం మీద ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఇంకో ఇద్దరు కలిసి చేశారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బుద్ధి ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్షలు పెట్టారు. మనుషులు వాళ్లే, బుర్రలు అవే. చేతిలో డబ్బు లేని రోజుల్లో తక్కువ చేశారు, వచ్చాక మెరుగయ్యారు. అప్పు ఎట్లా తీర్చాలి, బియ్యం ఎట్లా అన్న ఆలోచనే బుర్రలో సగం జాగా ఆక్రమిస్తుందని వాళ్ల వాదన.

వాళ్లు పెద్దవాళ్లు కాబట్టి అదే లెక్క పిల్లలకు అతికించకూడదు. కానీ ఇంట్లో గుసగుసగా అప్పుల మాటలు నడుస్తుంటే పద్నాలుగేళ్ల పిల్లకు వినబడవా? ఆ వయసులో అన్నీ అర్థమవుతాయి, ఏదీ చేతిలో ఉండదు.

ఇంకో లెక్క. పల్లెటూళ్ల పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వేను 2023లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్ల మీద చేశారు. పద్నాలుగేళ్ల వాళ్లలో బడి బయట ఉన్నది 3.9 శాతం, పద్దెనిమిదేళ్ల వాళ్లలో 32.6 శాతం. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క చేయగలిగింది 43.3 శాతమే. అంటే పేరు రిజిస్టర్లో ఉన్నంత మాత్రాన చదువు సాగుతున్నట్టు కాదు.

#7 బల్లార్షా_కాలనీ

అంకీస చెల్లె రాసింది చదివిన. బాధనిపించింది, కాదనను. కానీ మా కాలనీల మిరప లేదు, పత్తి లేదు. పోరగాళ్లు పొద్దున పది దాకా పండుతున్నరు, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్. దాన్ని కూడా పేదరికం ఖాతాల రాయమంటరా?

#8 రాయగడ_గుంటడు

మాది ఒడిశా, రాయగడ జిల్లా గుణుపురం పక్క. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. మీ భాష ఏరు, మా భాష ఏరు గానీ కతొక్కటే.

మాకాడ మిరప గొడవ లేదు. మాకాడ రైలు. పదో తరగతి దాకా సదివిన గుంటడికి ఊర్లో పనేటీ లేదు. ఈడి సావాసగాడు చెన్నైలోనో కేరళలోనో మేస్త్రీ కాడ పని సేసి, పండక్కి కొత్త సెప్పులు, పెద్ద ఫోను ఏసుకొని దిగుతాడు. ఇంక ఈడికి సదువు మీద మనసెలగుంటాది? గంజాం వోళ్లు తాతల కాలం నుంచి సూరత్ మగ్గాలకి పోతన్నారు, మనకి కొత్తగాదు. అటు బొలంగీరు, నువాపడా వోళ్లయితే పిల్లాజెల్లాతో కలిపి తెలంగాణ ఇటక బట్టీలకి. పెద్దపల్లి వోళ్లకి తెలుసు ఆ సంగతి. వోళ్ల పిల్లలు ఊర్లో ఉండిపోడానికి గవర్నమెంటు సీజన్ హాస్టళ్లు పెట్టింది, మంచిదే. అయితే అయ్యి సిన్నపిల్లలకే. తొమ్మిదో తరగతి గుంట బట్టీకి పోవల్సిందే, నేదంటే ముసలమ్మ కాడ ఉండి వండుకోవల్సిందే.

బల్లార్షా అన్నా, నువ్వు సెప్పిన ఫోను నిజమే. అయితే పని నేనోడికే అంత తీరిక. పదో క్లాసు పాసయినా ఊర్లో ఉద్యోగం నేదని కళ్లెదుట కనబడతంటే ఆడు రాత్రి ఒంటిగంటకి ఏటి సేస్తాడు, పద్యాలు సదువుతాడా?

#9 పర్లా_తాతగారు

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. విద్యాశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మాస్టారి మొదటి ప్రశ్న "తొమ్మిదిలోనే ఎందుకు" అని కదా. అందరూ పేదరికం గురించే చెబుతున్నారు, ఆ "తొమ్మిది" సంగతి మరిచిపోయారు. పేదరికం ఎనిమిదిలో లేదా? ఉంది. అప్పుడు తట్టుకున్న పిల్ల ఇప్పుడు ఎందుకు పడిపోతోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు. ఎనిమిదో తరగతితో దాని బాధ్యత తీరిపోతుంది. మధ్యాహ్న భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బూ ఎనిమిదితో సరి. తెలంగాణ 9, 10 తరగతులకు సొంత ఖర్చుతో పెడుతోంది గానీ ఆ పథకం మూలంలో లేదు. రాయగడ అబ్బాయి చెప్పిన హాస్టళ్లదీ అదే హద్దు. ఇక బాలకార్మిక చట్టం. 2016 సవరణ తరవాత 14 లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, బడి వేళలు కానప్పుడు సొంత కుటుంబం పనిలో సాయం, సినిమా నటన లాంటివి తప్ప. 14 నుంచి 18 దాకా ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధం. పొలంలో కూలి చేయించుకోవచ్చు.

చూశారా, ఇచ్చేవన్నీ ఏ వయసులో ఆగాయో పని చేయించుకునే అనుమతి సరిగ్గా ఆ వయసులోనే మొదలైంది. అంకీస అమ్మాయి చెప్పినట్టు కిలోల లెక్కన తల్లితో సమానంగా కూలి వచ్చేదీ ఆ వయసులోనే. ఆ ఏడాది దాకా పిల్లను బడికి పంపితే ఇంటికి ఒక పూట అన్నం మిగిలేది. ఆ ఏడాది నుంచి బడికి పంపితే ఒక కూలి పోతుంది. తండ్రికి శ్రద్ధ ఉందా లేదా అన్న చర్చ దీని ముందు ఎందుకూ కొరగాదు.

నేను ఉద్యోగంలో ఉండగా ఈ మాట పై అధికారులకు నోటితో చెప్పాను, కాగితం మీద పెట్టాను. ఫైలు ఎక్కడుందో వాళ్లకే ఎరుక.

#10 ప్రాణహిత_మాస్టర్ (సిరోంచ)

తాతగారూ, దండం. మా దగ్గర అదే జరుగుతోంది. ఒకే గోడ లోపల ఎనిమిది దాకా పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో కూర్చుంటారు, తొమ్మిది పిల్లలు నల్లా దగ్గర నీళ్లు తాగి చెట్టు కిందికి పోతారు. కొందరు డబ్బా తెచ్చుకుంటారు. తేలేని వాళ్లు "ఆకలి లేదు సార్" అంటారు. మధ్యాహ్నం తర్వాత నా పీరియడ్. వాళ్లకు బోర్డు మీద చూపు నిలవదు.

#11 అహేరి_సిస్టర్

మాస్టారు చెప్పిన ఆ మధ్యాహ్నం పీరియడ్ గురించే రాద్దామని వచ్చిన. నేను ఆరోగ్య శాఖలో చేస్తాను, బళ్లకు పోతుంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత అని తేలింది. అబ్బాయిల్లో 31.1 శాతం. ఇది దేశం మొత్తం లెక్క. రక్తం తక్కువున్న పిల్లకు మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునుకు. మీరు "ధ్యాస లేదు" అంటారు, మాకు అది గోళ్లల్లో, కండ్ల కింది తోలులో తెల్లగా కనిపిస్తది.

దానికే వారానికొక నీలం మాత్ర ఇస్తాం, ఐరన్‌ది. అది అన్నం తిన్నంక వేసుకోవాలె. ఎనిమిది దాకా భోజనం కాంగనే టీచరమ్మ ముందర మింగిస్తది. తొమ్మిది, పదికి భోజనం లేదు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, వాంతి. ఒక్క పిల్ల వాంతి చేసుకున్నదంటే మిగతా పిల్లలు ఆ మాత్రను కిటికీల నుంచి విసిరేస్తరు. ఒక బడిలో కిటికీ కింద గడ్డిల నీలం మాత్రలు పడి ఉంటే నేనే ఏరిన.

మాస్టర్లకు ఇంకో మాట. మన గడ్చిరోలిలో సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే ఒక రక్తజబ్బు) ఎక్కువ. మాటిమాటికీ కీళ్ల నొప్పులు, కండ్లు పచ్చబడుడు, బడికి డుమ్మా... అట్లాంటి పిల్లను బద్ధకం అనకండి, మాత్రలిచ్చి వదిలేయకండి. ఆరోగ్య కేంద్రానికి రక్తపరీక్షకు పంపండి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్షకు పైసలు తీసుకోరు.

#12 ధర్మాబాద్_మిర్చి

అన్నీ చదువుతున్న. ఒక డౌట్. మా చుట్టాలంతా సర్కారు బడి తీసి ఇంగ్లిష్ మీడియంల ఏసిండ్రు. ఫీజుకు భయపడైనా పోరడు చదువుతడు, తల్లిదండ్రులు పనికి తీస్కపోరు అంటున్నరు. మీరేమంటరు?

#13 సేతు_కిన్వట్

అనేది ఏముంది. నేను దాఖలాలు, ఆన్‌లైన్ ఫారాలు చేసిచ్చే సేతు సెంటర్ నడుపుత. నా సెంటర్‌కు రోజూ వస్తరు టీసీ జిరాక్సులు పట్టుకుని. ఐదు దాకా ఇంగ్లిష్ మీడియం, తర్వాత ఫీజు బాకీ, ఆ బడి టీసీ ఇయ్యదు, పోరడు అటూ గాక ఇటూ గాక ఇంట్ల కూసుంటడు. అప్పు చేసి కట్టిన ఫీజు తీరాలంటే పోరన్నే పనికి తీస్కపోవాలె.

దానికన్నా ఎవ్వరూ అడగని దారి ఒకటి ఉంది. ఎన్‌ఎంఎంఎస్. పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. ఎనిమిదిల ఉండంగ పరీక్ష, డిసెంబర్ దగ్గర్ల. పాసై లిస్టుల పేరొస్తే తొమ్మిది నుంచి బారావీ (పన్నెండు) దాకా ఏడాదికి 12,000 రూపాయలు, సీదా పోరని ఖాతాల. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి, మహారాష్ట్ర వాటా 11,682. ఇంటి ఆదాయం 3.5 లక్షల లోపు ఉండాలె, సర్కారు బడి గానీ, ఎయిడెడ్ గానీ అయి ఉండాలె. ప్రైవేటుకు పోతే ఇది లేదు. చూసుకో @ధర్మాబాద్_మిర్చి.

కానీ పాసైన పోరగాళ్లకు కూడా పైసలు పడక నా దగ్గర కూసుని ఏడుస్తరు. ఎక్కడ ఆగుతదో చెప్త. మన తెలుగోళ్లు ఇంటిపేరు ముందు రాస్తరు. మరాఠీ ఫారంల పేరు, తండ్రి పేరు, చివరికి ఇంటిపేరు. బళ్లో ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు, బ్యాంకుల పొట్టి అక్షరాలు. మూడూ కలవవు, పోర్టల్ తిప్పి కొడ్తది. ఆదాయం దాఖలా తహసీల్ నుంచి తేవాలె, కూలికి పోయినోళ్లు ఆఫీసు పనిదినాల్ల ఊర్ల ఉండరు.

కులం దాఖలా అయితే పెద్ద తలనొప్పి. మహారాష్ట్రల ఎస్సీకి 10 ఆగస్టు 1950, ఎస్టీకి 6 సెప్టెంబర్ 1950, విముక్త సంచార జాతులకు 21 నవంబర్ 1961, ఓబీసీకి 13 అక్టోబర్ 1967. ఆ తారీఖు కంటే ముందు నుంచి మీ తాతలు ఈ గడ్డ మీద ఉన్నట్టు కాగితం చూపాలె. గోదావరి దాటి తర్వాత వచ్చినోళ్లు ఏం చూపుతరు? పోరడు ఇక్కడే పుట్టిండు, ఇక్కడే చదివిండు, అయినా ఓపెన్ కోటాల రాయాలె.

ఇంకోటి, ఏడాదికోసారి పోర్టల్‌ల రెన్యూవల్ చెయ్యాలె. మిరప దిక్కు పోయినోళ్లకు ఆ తారీఖు ఎవరు చెప్తరు?

#14 అంకీస_అమ్మాయి

మా క్లాసుల ఎన్‌ఎంఎంఎస్ పేరే ఎవ్వరూ చెప్పలే. తొమ్మిదిల ఉన్నప్పుడు నెలకు వెయ్యి రూపాయలు వచ్చినా మా నాయిన షావుకారుకు నన్ను లెక్కల చెప్పకపోవునేమో. లేదా చెప్పునేమో, తెల్వది. అప్పు పెద్దది.

#15 బల్లార్షా_కాలనీ

వెయ్యి రూపాయలకు ఎవ్వడూ కూలి మానడు చెల్లె, సీజన్ల అది మూడు నాలుగు దినాల పని. గీ విషయంల నేను చెప్పిందే కరెక్టు, ఇంట్ల పట్టుదల ఉండాలె.

#16 రాయగడ_గుంటడు

@బల్లార్షా_కాలనీ ఎయ్యి రూపాయలకి కూలి మానరు, ఒప్పుకున్నాం. అయితే పట్టుదలతో షావుకారు అప్పు తీరద్దా? తీరితే సెప్పన్నా, మాకాడ అందరికీ కావాల.

#17 మోడరేటర్

వ్యక్తిగత విమర్శలు వద్దు. ఏ బడి పేరూ, ఏ పిల్లల పేరూ రాయవద్దు. చర్చ కొనసాగించండి.

#18 ప్రాణహిత_మాస్టర్ (సిరోంచ)

అందరికీ ధన్యవాదాలు. హెడ్మాస్టర్‌తో మాట్లాడాను. భోజనం మా చేతిలో లేదు. మా చేతిలో ఉన్నది పాఠాల వరస. తొమ్మిదిలో సమీకరణాల పాఠాన్ని దీపావళి సెలవుల కంటే ముందుకు జరుపుతున్నాను. గణాంకాల పాఠం విడిగా నిలబడుతుంది, దాన్ని పత్తి రోజులకు పెడతాను. అది పోయినా పిల్ల మునగదు. వెనక్కి వచ్చిన వాళ్లకు బడి మొదలయ్యే ముందు ఒక గంట, తిట్లు లేకుండా. పై వాళ్లు వచ్చి సిలబస్ వరస తప్పిందంటే చూసుకుంటా.

ఇప్పటికే బడి మానేసిన వాళ్లను సత్రా నంబర్ (17వ నంబర్) ఫారం నింపించి బయటి నుంచి దహావీ రాయించవచ్చు. మా ఊళ్లో అట్లాంటి ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు, వాళ్లింటికి పోతున్నాను. సిస్టర్ గారూ, ఆ నీలం మాత్రల రోజు మా తొమ్మిది పిల్లలకు కనీసం బెల్లం, పల్లీలు పెట్టి మింగిస్తే సరిపోతుందా?

#19 అహేరి_సిస్టర్

కడుపుల ఏదో ఒకటి పడాలె, పల్లీ బెల్లం పెట్టినా వికారం తగ్గుతది. మీరు వాళ్ల ముందరే నిలబడి మింగించండి. మాత్ర వేసుకోంగనే చాయ్ మాత్రం ఇయ్యకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

#20 ధర్మాబాద్_మిర్చి

సేతు అన్నా, మా అక్క బిడ్డ ఎనిమిదిల ఉన్నది, జిల్లా పరిషత్ బడి, మరాఠీ మీడియం. ఎన్‌ఎంఎంఎస్ పేపర్ తెలుగుల రాయొచ్చని ఎవరో అన్నరు. నిజమేనా? ఇంట్ల తెలుగే కదా, అల్కగ అయితదేమో.

#21 సేతు_కిన్వట్

పేపర్ మరాఠీ, హిందీ, గుజరాతీ, ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు, కన్నడల ఇస్తరు. ఫారం బడి వాళ్లే ఆన్‌లైన్ల నింపుతరు, మాధ్యమం గడి ఉంటది, హెడ్మాస్టర్‌ను అడుగు. కానీ తొందరపడకు. రెండు పేపర్లు, ఒక్కోదాంట్ల 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. సైన్సు, లెక్కలు మరాఠీల నేర్చుకున్న పిల్ల తెలుగు పేపర్ల "లసాగు" చూసి ఆగిపోతది. పాత పేపర్లు రెండు భాషల్ల తెచ్చి ఇంట్ల రాయించు, దేంట్ల ఎక్కువొస్తే అది పెట్టు. ఏడుల 55 శాతం వచ్చిందా మొదలు చూడు, ఎస్సీ, ఎస్టీ అయితే 50. ఆదాయం దాఖలాకు రేపే పో, మీ బావ మిర్చి మార్కెట్‌కు పోకముందు సంతకం పెట్టించుకో.